ఇంటికప్పు - ఇరుగుపొరుగు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను గ్రామలెక్కలు వ్రాయుచు కాలము గడపినవాడను, పండితుడను గాను. బడిలో చదివినది స్వల్పము. నాకబ్బిన నాలుగక్షరములును ఈ గ్రంథాలయపు బల్లయొద్ద గూర్చుండి కూడబలుకుకొన్నవే. ఏదైన మాటాడుమని పెద్దలు కోరినందున, ఇటీవల ఇల్లు కట్టుకొనుచు నేర్చిన పాఠమును విన్నవించెదను. గుమ్మము ఏ దిక్కున నుండవలెనో చెప్పువారు ఊరినిండ నున్నారు. కప్పు ఎట్లుండవలెనో యోచించువారు అరుదు.

మన తెలుగుదేశమున కప్పులు వానను, గాలిని, దొరకు సామగ్రిని బట్టి యేర్పడినవి. వాన తక్కువైన రాయలసీమలో దూలములు, దంతెలు పఱచి చవుడుమన్ను దట్టించిన మిద్దెలు. వాన మెండైన గోదావరి సీమలో నడుమ మండువాలోనికి నాలుగువైపుల వాలు దిగు పెంకుటిండ్లు. సముద్రతీరమున తాటాకు చుట్టిండ్లు. గుండ్రని గోడను గాలి చుట్టి పోవును గాని దానితో పోరాడి నిలువదు. మనము బెంగుళూరు పెంకు అని పిలుచు పలకపెంకు నిజమునకు మంగుళూరునాటిది. 1865లో అచట బాసెల్ మిషనువారు నెలకొల్పిన కార్ఖానాతో దాని వ్యాప్తి మొదలైనది.

1977 నవంబరు 19వ తేదీ తుపాను నాటికి నేను ఏడేండ్ల బాలుడను. దివిసీమలో వేలకొలది జనము ఉప్పెన పాలైన దుర్దినమది. మా ఊరికి ఉప్పెన రాలేదు, గాలి వచ్చినది. మా తాటాకుకప్పు లేచిపోగా, మా నాయనగారు మమ్ము చంకనెత్తుకొని పొరుగుననున్న మా పెదనాయనగారి డాబాలోనికి చేర్చిరి. ఆ రాత్రి మమ్ము బ్రదికించినది ఆ కప్పే. తరువాత మా నాయనగారు పెంకుటిల్లు వేసిరి. దాని చూరు హద్దుమీదికి వంగినది. వానాకాలమున చూరునీరు పెదనాయనగారి పెరటిలో పడసాగినది. మొదట మాట, పిమ్మట కేక, ఆపై మౌనము. ప్రాణములు నిలిపిన ఇంటికి మేము పండుగనాడైనను పోని యేండ్లు గడచినవి. అన్నదమ్ములిరువురును మాటలేకయే గతించిరి.

ఇప్పుడా పాతయిల్లు విప్పి క్రొత్తది తలపెట్టితిని. నాకు పెంకుటిల్లు ప్రీతి. మా అబ్బాయికి డాబా. పంచాయతీవారి అనుమతికై ప్లాను గీయించినప్పుడు, హద్దుగోడనుండి చోటు వదలవలెనను నియమమువలన ఒక గది కుదించుకొనిపోయినది. నా నేలలో నాకీ నిర్బంధమేమని విసుగుకొంటిని. ఆ దినములలోనే ఇచ్చట కౌటిల్యుని అర్థశాస్త్రము తిరుగవేయుచుండ, మూడవ యధికరణమున ఎనిమిదవ యధ్యాయము కంటబడినది. ఇరుగుపొరుగు ఇండ్ల చూరుల నడుమ నాలుగంగుళముల యెడ ముండవలెను, లేదా ఒకదానిపై నొకటి ఎక్కియుండవలెనని అందు విధింపబడినది. నియమము పంచాయతీ పుట్టించినది కాదు, పొరుగువాడు పుట్టినప్పుడే పుట్టినది! 1882 నాటి సౌకర్యహక్కుల చట్టము ప్రకారము, ఇరువది యేండ్లు అడ్డులేక బహిరంగముగా హక్కుగా ననుభవించిన సౌకర్యము స్థిరమైన హక్కగును. చూరునీరును అట్టిదే. కావున ఆదిలో మొగమాటపడి ఊరకున్నవాడు తుదకు న్యాయస్థానము మెట్లెక్కవలసివచ్చును.

ఇక గాలి మాట. గాలి కప్పును పైనుండి అణచునని పలువురనుకొందురు. వాలు తక్కువైన కప్పును గాలి పైకి పీల్చును. కిటికీ పగిలి లోనికి చొచ్చిన గాలి క్రిందినుండి ఎత్తును. అందుచేతనే తుపాను తీరములలో పెంకులు, రేకులు వేయువారికి 22 మొదలు 30 డిగ్రీల వాలు మంచిదనియు, రెండువాలుల కప్పుకంటె నాలుగువాలులది మేలనియు, చూరు పొట్టిగా నుండవలెననియు, వసారాకప్పు ఇంటికప్పుతో కలుపక వేఱుగా నుండవలెననియు ఇంజనీర్లు చెప్పుదురు. వసారా ఎగిరినను ఇల్లు నిలుచును.

లెక్కలవాడను గనుక నీటిని గూడ లెక్కవేసితిని. నూరు చదరపు మీటర్ల కప్పుపై ఒక్క సెంటీమీటరు వాన కురిసిన వేయి లీటర్లు. ఆ వేయి లీటర్లును పొరుగువాని గోడమొదట పోసినచో తగవు. నా పెరటిగుంటలో ఇంకించినచో బావికి ఊట.

తుదకు నేనును, అబ్బాయియు రాజీపడితిమి. గదులకు సిమెంటు స్లాబు. తుపానురాత్రి తలదాచుకొనుటకును, మున్ముందు మేడ వేయుటకును అది తగినది. వేసవిలో వేడెక్కుననుట నిజమే. సున్నము పూసి కొంత తగ్గించితిమి. ముందు వసారాకు మాత్రము వేఱుగా పెంకులు. అది నా పాలు. రెండింటి నీరును గొట్టములద్వారా మా గుంటలోనికే. హద్దుప్రక్క మూడడుగులు ఖాళీ. కుదించిన గది నాదే. నా మంచమును, పుస్తకముల పెట్టెయు అందు పట్టినవి, అంతకుమించి నాకు పనిలేదు.

మొన్నటి వానకు మా పెదనాయనగారి కుమారుడు హద్దుకడ నిలిచి, గొట్టమువైపు చాలసేపు చూచినాడు. “తమ్ముడా, మా పెరటిలో ఒక్క చుక్క పడలేదురా” అనినాడు. “లోనికి రా అన్నయ్యా, తడిసెదవు” అంటిని. వచ్చి వసారాలో కూర్చున్నాడు. నలువదియేండ్లకు పైబడి మా గడప తొక్కని మనిషి.

సోదరులారా, ఇల్లు కట్టబోవువారు మేస్త్రీని పిలుచుటకు ముందు పొరుగువానిని పిలువుడు. ప్లానును అతని ముందు పఱచి, నీరెటు పోవునో చూపుడు. కప్పు మన తలమీదనే యున్నను, దాని చూరు ఇరువురిది.