ముందు చదువుదాం, తర్వాతే సంతకం
(నాదర్‌గుల్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో, సాయంత్రం బడి నడిపే సభ్యురాలి ప్రసంగం)



మన సాయంత్రం బడి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గొప్పలు చెప్పుకోను. మొదటి ఏడు నేను ఓడిపోయిన. పలకలు తెచ్చి అ, ఆ నుంచి మొదలుపెట్టిన. బతుకమ్మ పండుగ వచ్చేసరికి బడి ఖాళీ. ఎందుకు వస్తలేరని ఇంటికి పోయి అడిగితే ఒక అక్క అన్నది: "నా మనవడు చదివే పాఠం నాకెందుకమ్మా? నా పాస్‌బుక్కుల ఏం రాసిన్రో, అది చదువుడు నేర్పు."

ఆ మాటతో నాకు బుద్ధి వచ్చింది. మరుసటేడు పాస్‌బుక్కునే వాచకం చేసుకున్నం. మొదటి రోజు ఒక్కటే మాట, 'పొదుపు'. మనం ప్రతి మీటింగుల అనే మాటే. అందులోంచి ప, ద రెండక్షరాలు తీసి గుణింతం పలికినం. ఆ రెండింటితోనే పాప, పాదు, పది, పప్పు రాయవచ్చింది. తర్వాత అప్పు, వడ్డీ, జమ, బాకీ. అంకెలకు కరెంటు బిల్లు తెచ్చుకున్నం: ఎన్ని యూనిట్లు కాలినయి, ఎంత కట్టాలె, ఆఖరు తారీఖు ఎప్పుడు.

వడ్డీ లెక్క కూడా బోర్డు మీద రాసినం. మనం నెలకు నూటికి రూపాయి అంటం. బ్యాంకుల ఏడాదికి 12 శాతం అంటరు. రెండూ ఒక్కటే. బయట నూటికి మూడు రూపాయలకు తెస్తే ఏడాదికి 36 శాతం. పదివేలకు నెలకు 300, ఏడాదికి 3,600. అసలు అట్లనే ఉంటది. ఆ రోజు బడిల కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇంకో సంగతి. "నాకు చదువు ఎక్కదు" అని ఇద్దరు ముగ్గురు మానేసిన్రు. చూస్తే లోపం బుర్రల లేదు, కండ్లల్ల ఉన్నది. నలభై దాటినాక దగ్గరి అక్షరం మసకగా కనిపిస్తది. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగుల ఇచ్చిన అద్దాలు కొందరి ఇంట్ల డబ్బాలనే ఉన్నయి. అవి పెట్టుకొని రమ్మంటే అక్షరం కనిపించింది. అద్దాలు లేనోళ్లు ముందు కండ్లు చూపించుకోవాలె.

నెల్లూరు జిల్లా ఆడవాళ్ల సంగతి మీరు వినే ఉంటరు. 1990ల మొదట్ల అక్కడి రాత్రి బడులల్ల వాళ్ల బతుకే పాఠమైంది. సారాతోని కాపురాలు ఎట్ల కూలుతున్నయో చదివిన్రు, మాట్లాడుకున్నరు. 1992ల దూబగుంట ఆడవాళ్లు ఊర్ల సారా ఆపిన్రు. ఆ పోరాటం జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. తన బతుకు గురించి చదివినామె ఊరుకోదు.

మన బడిల కూడా ఒక అక్క తన పుస్తకం తానే చదివి అడిగింది: "రెండు నెలల కిస్తు కట్టిన, ఇండ్ల లేదేంది?" వెతికితే అదే పేరున్న ఇంకొక సభ్యురాలి లెక్కల పడ్డది. ఎవరూ దొంగతనం చేయలేదు, పొరపాటే. కానీ ఆమె చదవకపోతే ఆ పొరపాటు ఆమె నెత్తి మీద అప్పుగా మిగిలేది.

మన పంచసూత్రాలల్ల ఐదోది పుస్తకాల నిర్వహణ. అది బుక్ కీపర్ ఒక్కదాని పని అనుకుంటున్నం. పుస్తకం రాసేది ఆమె, చూసుకోవాల్సింది మనం. సంతకం నేర్చుకుంటే చదువు వచ్చినట్టు కాదు. ఏం రాసి ఉన్నదో తెలియకుండా పెట్టే సంతకం, నిశాని ఒక్కటే.

అందుకే ఒక్క కోరిక. ప్రతి మీటింగుల పది నిమిషాలు పక్కకు పెట్టండి. సంతకానికి ముందు ఎవరి లెక్క వాళ్లు వేలు పెట్టి పైకి చదవాలె: పేరు, తారీఖు, కట్టింది, మిగిలింది. చదువురానామె పక్కన వచ్చినామె కూర్చోవాలె, కానీ చదివేది మాత్రం ఆమెనే. తప్పు చదివితే నవ్వొద్దు. ఖాళీ కాగితం మీద ఎవరడిగినా సంతకం పెట్టొద్దు.

బడి తలుపు సాయంత్రం తీసే ఉంటది. పాస్‌బుక్కు, అద్దాలు తెచ్చుకోండి. పలక అక్కర్లేదు.

సెలవు.