ఎగ్జిబిషన్‌కు పోతే ఎంత మిగులుతుంది?



సంత అందరికీ తెలుసు. చండ్రుగొండ చుట్టుపక్కల ఆడవాళ్లు చింతపండు, కుంకుడుకాయలు, వెదురు బుట్టలు సంతలో అమ్ముతారు. పట్నంలో పెట్టే ఎగ్జిబిషన్ కూడా సంతే. కాకపోతే పెద్ద సంత.

హైదరాబాదులో నుమాయిష్ అని ఒక ఎగ్జిబిషన్ ఉంది. ఉస్మానియా యూనివర్సిటీలో చదివినవాళ్లు 1938లో దాన్ని మొదలుపెట్టారు. అప్పుడు సుమారు 50 దుకాణాలు ఉండేవి. 1946లో అది నాంపల్లికి మారింది. మామూలుగా ఏటా జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. కాశ్మీరు శాలువాలవాళ్లు కూడా వస్తారు.

లాభం అమ్మేవాళ్లకు ఒక్కరికేనా? కాదు. ఆటో నడిపేవాళ్లకు బేరం దొరుకుతుంది. మూటలు మోసేవాళ్లకు కూలి దొరుకుతుంది. టీకొట్టుకు గిరాకీ పెరుగుతుంది. నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ బడులు, కాలేజీలు కూడా నడుపుతోంది. ఆడపిల్లలు చదివే కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిలో ఒకటి. 2021లో కరోనా వల్ల నుమాయిష్ జరగలేదు. ఆ ఏడు దాన్ని నమ్ముకున్నవాళ్ల బేరాలన్నీ పోయాయి.

మరి పల్లె నుండి సరుకు తీసుకుపోతే ఎంత మిగులుతుంది? లెక్క రాసి చూడాలి.

ఒక సంఘం ఆడవాళ్లు 50 బుట్టలు అల్లారనుకుందాం. వెదురుకు 1,500 రూపాయలు అయ్యింది.

ఊరి సంతలో బుట్ట 80 రూపాయలు. మొత్తం 4,000. వెదురు ఖర్చు 1,500, ఆటో 100 పోగా మిగిలింది 2,400.

ఖమ్మంలో ఎగ్జిబిషన్ పెట్టారు. అక్కడ బుట్ట 120 రూపాయలు. మొత్తం 6,000. వెదురు 1,500, బండి కిరాయి 1,200, దుకాణం అద్దె 800, తిండి 500. ఖర్చు 4,000. మిగిలింది 2,000.

చూశారా! ఎక్కువ ధరకు అమ్మారు. తక్కువ మిగిలింది. పైగా ఇల్లు విడిచి పోయారు. కూలి పని కూడా పోయింది.

అయితే ఎగ్జిబిషన్‌కు పోవద్దా? పోవచ్చు. రెండు సంఘాలు కలిసి పోవాలి. బండి కిరాయి, దుకాణం అద్దె చెరిసగం పంచుకోవాలి. అప్పుడు ఒక్కో సంఘానికి 1,000 రూపాయలు ఆదా. మిగిలేది 3,000. సంత కంటే 600 ఎక్కువ.

ఇంకో లాభం కూడా ఉంది. పట్నంలో ఏ బుట్ట ఇష్టపడుతున్నారో తెలుస్తుంది. దుకాణాలవాళ్లు పరిచయం అవుతారు. వాళ్ల పేరు, ఫోను నంబరు, అడిగిన సరుకు పుస్తకంలో రాసుకోవాలి. తర్వాత వాళ్లే ఆర్డరు ఇస్తే ఏడాది పొడుగునా పని దొరుకుతుంది.

మీ సంఘం ఏ సరుకు అమ్ముతుంది? బయలుదేరక ముందే ఖర్చులన్నీ రాయండి. కూడండి. ఎంత మిగులుతుందో చూసుకొని, అప్పుడు మూట కట్టండి.