చలి ఉదయమున పాత పెట్రోలు పికప్‌ను నడిపించుట
(ధర్మపురి ప్రాంత రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



పుష్య మాసములో గోదావరి ఒడ్డున తెల్లవారుజామున చలి ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. కూరగాయల బుట్టలు బండికెత్తినారు. జగిత్యాల సుమారు 30 కిలోమీటర్లు. పొద్దెక్కిన కొలది ధర పడిపోవును. బండి మాత్రము కదలదు. సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోవును. ఆపైన పానా పట్టి కార్బురేటరు విప్పుదురు. నేను చెప్పదలచినది ఒక్కటే: కార్బురేటరు విప్పుట చివరి పని, మొదటి పని కాదు.

డీజిలు బండ్లకు కార్బురేటరు లేదు. ఈ మాటలు పాత పెట్రోలు జీపులకు, పికప్‌లకు మాత్రమే.

మండునది పెట్రోలు ఆవిరి, ద్రవము కాదు. కార్బురేటరు గొంతు సన్నగా ఉండును. అచ్చట గాలి వేగము హెచ్చి, ఒత్తిడి తగ్గి, జెట్టు నుండి పెట్రోలు లాగబడి గాలిలో కలియును. తూకమున ఒక వంతు పెట్రోలుకు సుమారు 15 వంతుల గాలి కావలెను. చలిలో పెట్రోలు చాలినంత ఆవిరి కాదు. కావున మొదట కొంతసేపు పెట్రోలు పాలు పెంచవలెను. చోక్ గాలిదారిని మూసి ఆ పని చేయును.

చోక్ పూర్తిగా లాగి, ఒక్కసారికి ఐదారు సెకండ్లకు మించక సెల్ఫు కొట్టి, కొంత ఆగి మరల కొట్టుడు. ఇంజను అందుకొనగానే చోక్ సగము లోనికి నెట్టి, వేడెక్కిన పిదప పూర్తిగా నెట్టవలెను.

అప్పటికిని అందుకొననిచో ప్లగ్ విప్పి చూడుడు. అదే జబ్బు చెప్పును.

ప్లగ్ పొడిగా ఉన్నచో పెట్రోలు వచ్చుట లేదు. ట్యాంకు, ఫిల్టరు, పంపు చూడుడు. చోక్ లాగినప్పుడు లోని రేకు పూర్తిగా మూసుకొనుచున్నదో లేదో చూడుడు. తీగ వదులైన యెడల మూసుకొనదు.

ప్లగ్ తడిసి, పెట్రోలు వాసన వచ్చుచున్నచో పెట్రోలు ఎక్కువైనది, లేక నిప్పురవ్వ లేదు. ప్లగ్‌లు ఆరబెట్టి బిగించి, చోక్ నెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి సెల్ఫు కొట్టుడు. ఫలితము లేనిచో పాయింట్లు, ప్లగ్ తీగలు చూపించవలెను.

ఇవన్నియు సరిగా ఉన్నప్పుడే కార్బురేటరు విప్పవలెను. జెట్టును తీగతో పొడవరాదు. నేనొకసారి అట్లు పొడిచి రంధ్రము పెద్దది చేసితిని. ఆ తరువాత బండి పెట్రోలు తాగుటయేగాని పని చేయలేదు. గాలి ఊది శుభ్రపరచవలెను. ఫ్లోటును చెవి వద్ద ఊపుడు. లోపల పెట్రోలు చప్పుడైనచో అది చిల్లిపడినది.

2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతము వరకు చేరినది. ఇథనాలు నీటిని పీల్చును. పాత రబ్బరు గొట్టములను పాడుచేయును. అందుచేత గొట్టములు తరచు చూచుకొని, బండిని నెలల తరబడి పాత పెట్రోలుతో నిలుపరాదు.

చివరగా రెండు హెచ్చరికలు. తొందరలో కార్బురేటరు నోట పెట్రోలు పోసి సెల్ఫు కొట్టరాదు. మంట వెనుకకు చిమ్మి ముఖము కాలును. మూసిన కొట్టములో ఇంజను వేడిచేయరాదు. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు, ప్రాణము తీయును.

బేరము ఒకనాడు తప్పినను మరునాడు దొరకును. కన్నుగాని, ప్రాణముగాని పోయిన మరల రాదు. చలికాలమునకు ముందే ఒక పూట బండికి కేటాయించుడు.