ముష్టియోధుల చేవ్రాళ్ళు



మథురానగర మల్లరంగమున బలరాముడు ముష్టికుని కూల్చిన కథ మన పిల్లలకును తెలియును. ఆ వీరుని పిడికిలి బలము కవుల వాక్కున మనకు దక్కినది. ఇటీవలి ముష్టియోధుల విషయమట్లు కాదు. వారు ధరించిన చేతితొడుగులు, వారి ఛాయాచిత్రములు, వానిపై వారు స్వహస్తమున వ్రాసిన చేవ్రాళ్ళును నిలిచియున్నవి. పాశ్చాత్యదేశములందు వానిని సేకరించుట పెక్కుమందికి ముచ్చట, కొందరికి వర్తకము. 1964 లో సోనీ లిస్టన్‌ను గెలిచిననాడు మహమ్మద్ అలీ ధరించిన తొడుగుల జత 2014 లో వేలమున 8 లక్షల డాలర్లకు పైగా పలికినది.

ధనమున్నచోట కూటలేఖకుడు చేరుట సహజము. 1990 దశకమున అమెరికా నేరపరిశోధక సంస్థయగు ఎఫ్.బి.ఐ. క్రీడాకారుల దొంగచేవ్రాళ్ళపై విచారణ జరిపి పెద్దముఠాను పట్టుకొనెను. ఆ ముఠావారు మదర్ థెరిసా పేర బేస్‌బాల్ బంతులపై గూడ సంతకములు చేసిరి! ఆ మహాతల్లికి బంతితో పనియేమి యని కొనువారు ఆలోచింపవలదా?

దస్తావేజును పరీక్షించువారు సంతకముకంటె ముందు తేదీని చూతురు. ఇచ్చటను అదియే పద్ధతి. అలీకి తల్లిదండ్రులిడిన పేరు కాసియస్ క్లే. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో ఆ పేరుతోనే స్వర్ణపతకము గెలిచెను. పేరు మారినది 1964 లో. కావున 1960 లో వ్రాసియిచ్చినదను కాగితముపై 'మహమ్మద్ అలీ' యని యున్నచో అది కల్ల. 1984 లో ఆయనకు పార్కిన్సన్ వ్యాధి యని వైద్యులు నిర్ణయించిరి. చేతిని వణకించి, అక్షరమును కుదించు వ్యాధి యది. బారుగా సాగిన చేవ్రాలు క్రమముగా కుంచించుకొనిపోయెను. లోకమును గెలిచిన పిడికిలి కలమును నడపుటకు పడిన శ్రమ ఆ గీతలలో కలదు. కూటలేఖకుడు పేరును దొంగిలింపగలడు గాని, ఆ శ్రమను దొంగిలింపజాలడు.

1976 లో అలీ తన తొడుగులను, అంగీని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియమునకు ఇచ్చివేసెను. ధనికుని పెట్టెలోని వస్తువును ఒక్కడే చూచును. ప్రజాశాలలోని దానిని పేదవాని బిడ్డయు చూచును. పుస్తకమునకును ఇదియే ధర్మము.

ఈ గ్రంథాలయపు రిజిస్టరులో ఇరువదియైదేండ్లుగా పుస్తకములు కొనిపోయినవారి చేవ్రాళ్ళున్నవి. కొన్ని ముసలితనమున వణకినవి. కొన్ని అప్పుడప్పుడే అక్షరములు నేర్చిన చేతులవి. వేలమున వానికి వెల లేదు. కాని వానిలో ఒక్కటియు దొంగది కాదు. ఆ పుస్తకమును చెదపట్టకుండ కాపాడుకొనుడు.

స్వస్తి.