రంగు తప్పితే ముప్పు



పురుగుమందు డబ్బా మీద గాలిపటం లాంటి గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపైతే అన్నిటికన్నా ఘోరమైన విషం. ఆ తర్వాత పసుపు, నీలం. ఆకుపచ్చకు విషం తక్కువ. అయినా అదీ విషమే.

మరి ఎరుపు అచ్చులో ఎరుపుగానే రావాలి కదా! రంగుల అచ్చుకు ప్రెస్సులో మామూలుగా నాలుగు సిరాలు వాడతారు. లేత నీలం, గులాబీ, పసుపు, నలుపు. గులాబీ, పసుపు కలిస్తే ఎరుపు వస్తుంది. గులాబీ తగ్గిందంటే ఎరుపు కాస్తా పసుపు వైపు తిరుగుతుంది.

అందుకే కాగితం అంచున చిన్న చిన్న రంగు గళ్లు కూడా అచ్చు వేస్తారు. ఒట్టి కంటితో చూస్తే చాలదు. వెలుతురును బట్టి రంగు వేరుగా కనిపిస్తుంది. కాబట్టి మిషనుతో కొలుస్తారు. దాని పేరు డెన్సిటోమీటరు. అది గడి మీద వెలుగు వేస్తుంది. సిరా మందంగా ఉంటే వెలుగు తక్కువగా తిరిగి వస్తుంది. మిషను ఒక అంకె చూపిస్తుంది. ముందు ఒప్పుకున్న నమూనా అంకెతో దాన్ని పోలుస్తారు. తేడా ఉంటే సిరా పెంచుతారు, లేదా తగ్గిస్తారు. అచ్చు పూర్తయ్యేదాకా మళ్లీ మళ్లీ చూస్తారు.

ఇంత చేసినా ఎండకు రంగు వెలిసిపోతుంది. అందుకని రంగొక్కటే నమ్మకండి. ఎరుపు గుర్తులో పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. అది చూడండి. మందుతో వచ్చే కాగితం విప్పి చదవండి. చదివాకే మూత తీయండి.