డేగ తూకము

(వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



గడచిన వేసవిలో మన పాఠశాల ఆవరణలోని వేపచెట్టు క్రింద ఒక జాలెడేగ పిల్ల పడియుండెను. విద్యార్థులు దానిని అట్టపెట్టెలో నుంచి, పాలలో నానిన రొట్టె పెట్టిరి. మేమును చూచి మెచ్చుకొంటిమి. మూడవనాటి ఉదయమున అది చనిపోయెను. బాలురకు ప్రేమ యుండెను. మాకు తెలివిడి లేకపోయెను. ఈ ప్రసంగమునకు అదియే కారణము.

డేగలచే వేటాడించుట మన దేశమున ప్రాచీన విద్య. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున దీనిని రాజవినోదములలో నొకటిగా వర్ణించెను. విజయనగరము నేలిన సాళువ వంశము పేరునకు వేటడేగ యని యర్థము. ఆ విద్యకు ఆయువుపట్టు తూకము.

డేగ కుక్కవలె యజమానిని కొలువదు. ఆకలిగొన్నచో చేతిమీదికి వచ్చును. కడుపు నిండినచో చెట్టుకొమ్మపై కూర్చుండి, ఎంత పిలిచినను తిరిగి చూడదు. అట్లని పస్తుంచినచో ఈకలు ఉబ్బించుకొని, కన్నులు సగము మూసికొని కూలబడును. ఈ రెంటి నడుమ నున్నదే ఎగురు తూకము. చిన్న డేగకు ఆ ఎడము మిక్కిలి ఇరుకు. 110 గ్రాముల పక్షి 3 గ్రాములు తగ్గినచో, 60 కిలోల మనిషి ఒకటిన్నర కిలోకు పైగా తగ్గినట్లు. అంతపాటి తరుగుదలకు ఒక్క చలిరాత్రి చాలును.

కావున పెంపకందారు ప్రతిదినము ఒకే వేళ, మేతకు ముందు, దానిని తూచి పుస్తకమున వ్రాసికొనును. ఎంత తిన్నది, ఎట్లు ఎగిరినది, చలి యెంత యున్నది యనునవియు వ్రాయును. రొమ్మెముకకు ఇరుప్రక్కల కండను వ్రేలితో తడవి చూచును. తిన్న యెరలోని ఈకలు, వెంట్రుకలు ఉండకట్టి నోట వెడలిన పిదపనే మరల మేపును. పక్షి కండపట్టినకొలది ఎగురు తూకమును పెరుగును గాన, పాత లెక్క పనికిరాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేడు మన దేశమున అనుమతి లేక డేగను పట్టుటయు, పెంచుటయు నేరము. ఇకమీదట మీ బిడ్డలు గాయపడిన డేగను చూచినచో పాలు, రొట్టె పెట్టనీయకుడు. గాలియాడు పెట్టెలో, చీకటిగా, సద్దు లేనిచోట నుంచి, వెంటనే అటవీశాఖకు తెలుపుడు.

బిడ్డలను ఆకలితో లొంగదీయుడని మేము చెప్పబోము. అనుదినము గమనించు అలవాటు మాత్రము ఆ పెంపకందారునొద్ద నేర్వదగినది. పరీక్షానంతరము వచ్చు మార్కుల పత్రము ఆలస్యముగా చూచిన తూకము. ఇరుగుపొరుగున వేరొక భాష వినబడు మనవంటివారి యిండ్లలో పిల్లల తెలుగు గ్రాము గ్రాముగా తరుగును. ప్రతి సాయంకాలము ఒక్క పుట చదివించి వినుడు. తరుగుదల మాకంటె ముందు మీకే తెలియును.