సాదుకునే ఇంటికి అడిగేవాళ్లు రావాలి



ఈ రోజు మన పిల్లల సంగతి మాట్లాడుకుందాం.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయింది. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల మేడలు లేస్తూనే ఉన్నాయి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి కూలీలు వచ్చారు. మనలో కొందరు ఇటుకలు మోస్తారు. కొందరు ఇళ్లల్లో పని చేస్తారు. సొంత ఊరు దూరం. అమ్మ, అత్త, చిన్నమ్మ దగ్గర లేరు. ఇట్లాంటి చోట ఒక తల్లికి పెద్ద జబ్బు చేస్తే పిల్లలను ఎవరు చూస్తారు?

అప్పుడు ఎవరో వస్తారు. "పిల్లను మాకియ్యమ్మా. మంచిగ సాదుకుంటం, చదివిస్తం" అంటారు. మంచి మనసుతో అడిగేవాళ్లు ఉన్నారు. ఇంటి చాకిరీకి మనిషి కావాలని అడిగేవాళ్లూ ఉన్నారు. మొహం చూసి కనిపెట్టగలమా? లేము. అందుకే ఒక చట్టం ఉంది.

అది 2015లో వచ్చిన బాలల న్యాయ చట్టం. కన్నవాళ్లు చూడలేని పిల్లలను కొంతకాలం మరో కుటుంబంలో ఉంచవచ్చు. ఆఫీసుల్లో దీన్ని ఫోస్టర్ కేర్ అంటారు. ఇది దత్తత కాదు. దత్తత ఇస్తే బిడ్డ పూర్తిగా ఆ ఇంటి బిడ్డ అవుతుంది. సాదుకునే ఇంట్లో ఉంటే అట్లా కాదు. సమితి వద్దనకపోతే కన్నవాళ్లు వెళ్లి చూసి రావచ్చు.

సమితి అంటే ఏమిటి? ప్రతి జిల్లాకు బాలల సంక్షేమ సమితి ఉంటుంది. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు. అందులో ఒక్క మహిళ అయినా ఉండాలి. ఈ పద్ధతిలో బిడ్డను ఒక ఇంటికి పంపేది ఈ సమితే. ముందు ఆ కుటుంబం మంచిచెడ్డలు విచారిస్తారు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను వీలైనంత వరకు విడదీయరాదు.

పంపడంతో పని అయిపోదు. సమితి ప్రతి నెలా ఆ ఇంటికి వెళ్లి చూడాలి. బిడ్డ తింటున్నదా? బడికి పోతున్నదా? భయపడుతున్నదా? సరిగా చూడకపోతే బిడ్డను ఆ ఇంటి నుంచి తీసి మరో చోట ఉంచాలి. హాస్టలు వంటి బాలల గృహాలకూ తనిఖీ ఉంది. మూడు నెలలకు ఒకసారైనా ముగ్గురికి తగ్గకుండా వెళ్లాలి. వారిలో ఒక మహిళ, ఒక డాక్టరు ఉండాలి.

"మా ఇంటికి ఆఫీసర్లు రావడమేంది? మా మీద నమ్మకం లేదా?" అని కొందరు అంటారు. బిడ్డ తన కష్టం తాను చెప్పుకోలేదు. అడిగే కళ్లు లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం చూసింది. 1999లో, మళ్లీ 2001లో దత్తత పేరు మీద ఆడపిల్లలను అమ్మిన సంగతి బయటపడింది. తండాల్లో పేద తల్లుల చేతిలో కొద్ది డబ్బు పెట్టి పసికందులను తీసుకుపోయారు. కాగితాల మీద మాత్రం అంతా సక్రమంగా ఉన్నట్టు రాశారు. కాగితం ఒక్కటే చాలదని అప్పుడే తేలింది. మనిషి వెళ్లి బిడ్డను చూడాలి.

ఇంకో మాట. బీదతనం వల్లనే బిడ్డను పంపాల్సిన పని లేదు. మిషన్ వాత్సల్య పథకం ఉంది. భర్త పోయిన తల్లి, ప్రాణం మీదికి వచ్చిన జబ్బుతో ఉన్న తల్లి బిడ్డ కోసం అర్జీ పెట్టవచ్చు. పట్నంలో ఇంటి ఆదాయం ఏడాదికి 96,000 రూపాయలు దాటకూడదు. మంజూరైతే బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది. నెలకు 4,000 రూపాయలు వస్తాయి. ముందు ఇది అడగండి.

చట్టం రాసినంత మాత్రాన ఆఫీసరు కాలు కదలదు. అడిగేవాళ్లు ఉంటే కదులుతుంది. ఇప్పుడు మనకు రాయడం వచ్చింది. బిడ్డను చూడడానికి ఎవరూ రాకపోతే ఇట్లా రాయండి:

"బాలల సంక్షేమ సమితి అధ్యక్షులకు నమస్కారం. మా బస్తీ పాపను సాదుకునే ఇంట్లో ఉంచారు. రెండు నెలలుగా ఎవరూ వచ్చి చూడలేదు. దయచేసి వచ్చి చూడండి."

కింద పేరు, తేదీ, సంతకం పెట్టండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. మాదాపూర్, గచ్చిబౌలి వాళ్లు రంగారెడ్డి జిల్లా సమితికి ఇవ్వాలి. కూకట్‌పల్లి వాళ్లు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా సమితికి ఇవ్వాలి. బిడ్డకు ఆపద ఉంటే ఆగవద్దు. 1098కి ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు. రాత్రయినా పలుకుతారు.

పక్కింట్లో కొత్తగా ఒక పాప కనబడిందా? బడి వేళలో అంట్లు తోముతున్నదా? "ఎవరమ్మా నువ్వు? బడికి పోతున్నవా?" అని అడగండి. ఆ పాపను అడిగే మొదటి మనిషి మీరే కావచ్చు.